మీటరు మీద మినుకుమనే దీపం

ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వెళ్తుండగా మా సంఘపెద్ద ఒకాయన నా చేతిలో మడతపెట్టిన కాగితం ఉంచారు. ప్రార్థన మనవి చీటీ అనుకున్నాను. విప్పి చూస్తే కరెంటు బిల్లు!

"చూడండి అయ్యగారూ, పోయిన నెల 110 యూనిట్లు, ఈ నెల 208. నా ఇంట్లో ఇంత బిల్లు ఎప్పుడైనా వచ్చిందా? ఆ గేమ్ పెట్టె ఇంట్లోకొచ్చినప్పట్నుంచే ఈ గతి. మా పిల్లోడు రాత్రీ పగలూ దాని ముందరే. వాని కోసం ప్రార్థన చేయండి అయ్యగారూ" అన్నారాయన. గొంతులో కోపం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది.

ఆయన కూతురు, అల్లుడు బెంగళూరులో ఉంటారు. మా కంబదూరు ప్రాంతం నుంచి బతుకుదెరువు కోసం బెంగళూరు వెళ్ళని కుటుంబం అరుదు. ఏప్రిల్ రెండో వారంలో సెలవులు ఇవ్వగానే కూతురు ఇద్దరు పిల్లలతో పుట్టింటికి వచ్చింది. పెద్దవాడు తొమ్మిదో తరగతికి వెళ్ళబోతున్నాడు. వస్తూ వస్తూ ప్లేస్టేషన్ 5 వెంట తెచ్చుకుని తాతగారి 43 అంగుళాల టీవీకి తగిలించాడు. సాయంత్రమయ్యేసరికి వీధిలోని పిల్లలంతా ఆ గుమ్మం ముందే.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ బిల్లు చూసి తల పంకించాను. మరుసటి ఆదివారం ప్రసంగంలో, యువతరాన్ని మింగేస్తున్న యంత్రాల గురించి, తాతముత్తాతల కష్టార్జితాన్ని ఆటల్లో తగలేస్తున్న పిల్లల గురించి ఉద్వేగంగా మాట్లాడాను. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు. మాది చిన్న సంఘం, ఆ ఆట పెట్టె ఎవరింట్లో ఉందో అందరికీ తెలుసు. మూడో వరుసలో చాపమీద కూర్చున్న ఆ అబ్బాయి తల దించుకున్నాడు. వాక్యం పని చేస్తోందని లోలోపల సంతోషించాను కూడా!

గురువారం సాయంత్రం ఆ అబ్బాయి ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. చేతిలో నోటుపుస్తకం. గుమ్మం దగ్గరే నిలబడి, "అయ్యగారూ, ఆదివారం మీరు చెప్పింది లెక్కకు రావడం లేదు" అన్నాడు.

3,200 మెరుపులకు ఒక యూనిట్

కోపం వచ్చిన పిల్లలు తలుపులు వేసుకుంటారు, అన్నం మానేస్తారు. ఈ అబ్బాయి అలా చేయలేదు. నాలుగు రోజులపాటు ఇంటి కరెంటు మీటరు ముందు నిలబడి లెక్కపెట్టాడు.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ల మీద ఒక చిన్న ఎర్ర దీపం మినుకు మినుకుమంటూ ఉంటుంది. మనం రోజూ చూస్తాం, కానీ పట్టించుకోం. దాని పక్కనే ఒక అంకె ముద్రించి ఉంటుంది. చాలా మీటర్ల మీద అది 3,200. అంటే ఆ దీపం 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కరెంటు ఖర్చయినట్టు. వెయ్యి వాట్ల పరికరం గంటసేపు పనిచేస్తే అయ్యేది ఒక యూనిట్. ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్క పరికరం మాత్రమే వేసి, నిమిషానికి దీపం ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెడితే ఆ పరికరం ఎంత వాడుతోందో తెలిసిపోతుంది. నిమిషానికి ఒక మెరుపు అంటే సుమారు 19 వాట్లు. దీనికి ఇంజనీరు అక్కరలేదు, గడియారం ఉంటే చాలు.

ఆ అబ్బాయి చేసింది అదే. అవ్వను బతిమాలి కాసేపు ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీయించాడట. ఒక్కో పరికరానికి ఐదేసి నిమిషాలు లెక్కపెట్టి, సగటు కట్టి రాసుకున్నాడు. ఆ పేజీ నా ముందు పెట్టాడు.

ఆట ఆడుతున్నప్పుడు టీవీతో కలిపి నిమిషానికి 15 మెరుపులు. టీవీ ఒక్కటే అయితే 4. గేమ్ పెట్టె ద్వారా సినిమాలు, పాటలు చూస్తే 7 లేదా 8. కూలర్‌కు 10. ఫ్యాన్‌కు 3. అన్నీ ఆపేసి సెట్ టాప్ బాక్సు ఒక్కదాన్ని వదిలితే, రెండు నిమిషాలకు ఒక మెరుపు.

ఆ అంకెలను వాట్లలోకి మార్చి పక్క పేజీలో వేశాడు. ఆట పెట్టె 200 వాట్ల దాకా, టీవీ 80, కూలర్ 180, ఫ్యాన్ 60, సెట్ టాప్ బాక్సు 10. ప్లేస్టేషన్ 5లో పెద్ద ఆటలు ఆడేటప్పుడు అది 200 వాట్ల చుట్టుపక్కల వాడుకుంటుందనేది తెలిసిన విషయమే. పిల్లవాడి చేతి లెక్క సరిగ్గానే వచ్చింది.

ఆట ఎంత, కూలర్ ఎంత?

"మేమొచ్చి 25 రోజులకు మీటరు రీడింగ్ తీశారు. రోజుకు నాలుగు గంటలు ఆడాను. ఒప్పుకుంటున్నాను" అని మొదలుపెట్టాడు. నాలుగు గంటల ఆటకు టీవీతో కలిపి రోజుకు 1.12 యూనిట్లు. 25 రోజులకు 28 యూనిట్లు. సినిమాలు, పాటలు రోజుకు మూడు గంటలు. వాటికి పదిన్నర యూనిట్లు.

మరి మిగిలినవి? చంటి చెల్లెలు ఎండకు తట్టుకోలేదని తాతగారే కూలర్ తెప్పించారు. ఏప్రిల్ నెలలో అనంతపురం ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కరలేదు. రాత్రంతా కూలర్, అంటే పది గంటలు. 25 రాత్రులకు 45 యూనిట్లు. కూతురి కుటుంబం పడుకున్న గదిలో అదనంగా ఒక ఫ్యాన్, దానికి 15 యూనిట్లు. అన్నీ కలిపితే 98 యూనిట్లు దాటింది. బిల్లులో పెరిగినవి సరిగ్గా 98!

అంటే పెరిగిన దానిలో ఆటది మూడో వంతు కూడా కాదు. 60 యూనిట్లు కూలర్, ఫ్యాన్లవే. కానీ కూలర్ గురించి ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు. ఎందుకంటే అది పెద్దవాళ్ళు తెచ్చింది, పెద్దవాళ్ళకూ చల్లగాలి ఇచ్చింది. ఆట పెట్టె మాత్రం కొత్తది, పిల్లవాడిది, మనకు అర్థం కానిది. అందుకే నింద మొత్తం దాని నెత్తిన పడింది. కూలర్ వేయడం తప్పని నేను అనడం లేదు. పసిపిల్లకు అది అవసరం. కానీ లెక్క వేసినప్పుడు దాన్ని వదిలేయడం మాత్రం న్యాయం కాదు.

అబ్బాయి అక్కడితో ఆగలేదు. అతను నన్ను నిజంగా తల దించుకునేలా చేసింది ఆ తర్వాతి పేజీతోనే. "అయ్యగారూ, నా తప్పు కూడా ఒకటి ఉంది. టీవీలోనే యూట్యూబ్ వస్తుంది. అయినా నేను గేమ్ పెట్టె ఆన్ చేసి దానిలో పాటలు చూశాను. దానివల్ల నాలుగున్నర యూనిట్లు ఊరికే పోయాయి. ఇంకొకటి, అన్నానికి పిలిచినప్పుడు ఆటను పాజ్‌లో పెట్టి వెళ్ళేవాణ్ణి. బొమ్మ కదలకపోయినా కరెంటు దాదాపు అంతే పోతోంది. మీటరు దగ్గర నిలబడితేనే తెలిసింది" అన్నాడు.

తనమీద పడిన నిందను తోసిపుచ్చడానికి వచ్చినవాడు తన తప్పును దాచుకోలేదు. నింద వేసిన నేనేమో ఒక్క అంకె కూడా చూడకుండా పుల్పిట్ ఎక్కాను. మనలో ఎవరు వాక్యం ప్రకారం నడిచినట్టు?

స్లాబుల మెట్లు

యూనిట్లు రెట్టింపు కూడా కాలేదు, బిల్లు మాత్రం రెండున్నర రెట్లు పైగా పెరిగింది. అది తాతగారికి అంతుపట్టలేదు. మనలో చాలామందికీ ఇది తెలియదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో నిర్ణయించిన ఇళ్ళ స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా 8.75, ఆపైన 9.75. మెట్లు ఎక్కేకొద్దీ ధర ఎక్కుతుంది. ఈ లెక్కన 110 యూనిట్లకు 349.50 రూపాయలు, 208 యూనిట్లకు 915 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సుంకం, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

అంటే ఇంట్లో చివరగా వచ్చి చేరిన పరికరం ఎప్పుడూ పై మెట్టు మీద నిలబడుతుంది. దాని ప్రతి యూనిట్ ఆరు రూపాయలు. అందుకే అతిథిలా వచ్చిన ఆట పెట్టె, కూలర్ రెండూ ఎక్కువ ఖరీదైనవిగా కనిపించాయి. అబ్బాయి ఆడిన 28 యూనిట్లకు 168 రూపాయలు. ఊరికే పోయిన నాలుగున్నర యూనిట్లకు 27 రూపాయలు. "ఆ 27 రూపాయలు నా డబ్బుల్లోంచి తాతకు ఇచ్చేశాను" అన్నాడు.

ప్రపంచమంతా ఇదే లెక్క

ఇది కంబదూరులోని ఒక్క ఇంటి గొడవ అనుకోకండి. 2008లో అమెరికాలోని సహజ వనరుల పరిరక్షణ మండలి (ఎన్ఆర్‌డీసీ) అక్కడి ఇళ్ళలోని వీడియో గేమ్ పెట్టెల మీద ఒక నివేదిక వెలువరించింది. ఆ దేశంలోని గేమ్ పెట్టెలన్నీ కలిసి ఏడాదికి సుమారు 1,600 కోట్ల యూనిట్లు వాడుతున్నాయనీ, అది శాన్ డియాగో నగరం మొత్తం ఏడాదిలో వాడే కరెంటుకు సమానమనీ అంచనా వేసింది. అందులో పెద్ద భాగం ఆటకు కాదు, ఆడి వదిలేసి ఆపడం మరిచిపోయిన గంటలకు!

ఆ నివేదికలోనే మరో సంగతి బయటపడింది. అప్పటి ప్లేస్టేషన్ 3 ఆటలో ఉన్నప్పుడు 150 వాట్లు, ఎక్స్‌బాక్స్ 360 పెట్టె 119 వాట్లు వాడుతుంటే, నింటెండో వీ అనే పెట్టె 16 వాట్లతోనే సరిపెట్టుకుంది. పిల్లలు మూడింటితోనూ సంతోషంగానే ఆడారు. సంతోషానికి ఎక్కువ కరెంటు అక్కరలేదని దీనర్థం. కావలసింది బొమ్మలో ఎంత మెరుపు, ఎంత సూక్ష్మత అన్నదే వాట్లను నిర్ణయిస్తుంది. సెకనుకు అరవై బొమ్మలు గీయాలంటే లోపలి చిప్పు క్షణం విశ్రాంతి లేకుండా శ్రమించాలి. ఆ శ్రమే వేడి, ఆ వేడిని తోసేయడానికే వెనక గిర్రున తిరిగే చిన్న ఫ్యాను.

టీవీలు మాత్రం మంచి దారి పట్టాయి. పాత పెట్టె టీవీ 21 అంగుళాలదే 80 నుంచి 100 వాట్ల దాకా లాగేది. ఇప్పటి 43 అంగుళాల ఎల్ఈడీ టీవీ అంతలోనే సరిపెడుతోంది. 32 అంగుళాలదైతే అందులో సగం. మన దేశంలో 2002లో ఏర్పడిన ఇంధన సామర్థ్య సంస్థ, 2006 నుంచి పరికరాల మీద నక్షత్రాల గుర్తులు వేయడం మొదలుపెట్టింది. టీవీ కొనేటప్పుడు తెర ఎంత పెద్దదో చూసినట్టే ఆ నక్షత్రాలు ఎన్నో కూడా చూడాలి. తెర కాంతిని కొంచెం తగ్గించుకున్నా వాట్లు తగ్గుతాయి, కళ్ళకూ మంచిది.

ఇక ఆపేసినా ఆరని ఎర్ర దీపాల సంగతి. పరికరాలు నిద్రపోతున్నప్పుడు ఒక్క వాటుకు మించి వాడకూడదని అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లోనే ప్రతిపాదించింది. ఐరోపా దేశాలు 2013 నుంచి చాలా పరికరాలకు అరవాటునే హద్దుగా పెట్టాయి. గేమ్ పెట్టెల కంపెనీలూ దిగివచ్చాయి. ఎక్స్‌బాక్స్ కొత్త పెట్టెలు నిద్రలో 10 నుంచి 15 వాట్లు తాగుతుంటే, పూర్తిగా ఆపే పద్ధతిలో పెడితే అరవాటు చాలు. 2022 తర్వాత ఆ పొదుపు పద్ధతినే ముందుగా అమర్చి ఇవ్వడం మొదలైంది. కంపెనీలే మారినప్పుడు మనం రిమోట్ నొక్కి "ఆపేశాం" అనుకుంటూ ఉండిపోవాలా?

మన ఇళ్ళలో అసలు దొంగ గేమ్ పెట్టె కూడా కాదు, సెట్ టాప్ బాక్సు. చాలా బాక్సులు రిమోట్‌తో ఆపినా దాదాపు ఆన్‌లో ఉన్నంతే వాడుతూ ఉంటాయి. పది వాట్ల బాక్సు, ఎవరూ టీవీ చూడని 18 గంటల్లో, నెలకు ఐదు యూనిట్ల పైనే తాగుతుంది. గేమ్ పెట్టె సెలవుల్లో వచ్చి సెలవులతో వెళ్ళిపోతుంది. ఈ బాక్సు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది.

యూనిట్‌లో నీళ్ళున్నాయి, నేల ఉంది

"నెలకు ఐదు యూనిట్లు ఏపాటి అయ్యగారూ? మా పొలంలో ఐదు హెచ్‌పీ మోటారు గంటకే నాలుగు యూనిట్లు తాగుతుంది కదా" అని ఒక రైతు సోదరుడు నన్ను అడిగాడు. మాట నిజమే. మనవడి 25 రోజుల ఆట మొత్తం ఆ మోటారు ఏడు గంటల నడకకు సమానం. పిల్లల మీద విరుచుకుపడే ముందు ఈ పోలిక గుర్తుంచుకోవాలి.

కానీ ఆ మోటారు కరెంటు వేరుశనగ చేను తడుపుతుంది, ఒక కుటుంబానికి అన్నం పెడుతుంది. ఎవరూ చూడని బాక్సులోని కరెంటు ఎవరి గొంతు తడుపుతుంది? మన జిల్లాలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. నీటి విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. కరెంటులో కూడా నీళ్ళున్నాయని మాత్రం మనకు తట్టదు. బొగ్గుతో కరెంటు చేసే కేంద్రాల్లో నీటిని ఆవిరి చేయాలి, చల్లబరచాలి. అటువంటి పాత కేంద్రాలు ఒక్కో యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదని కేంద్ర ప్రభుత్వం 2015లో హద్దు పెట్టింది. ఆ హద్దు ప్రకారమే చూసినా, 28 యూనిట్ల ఆటకు 98 లీటర్లు, అంటే ఆరేడు బిందెలు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రానికి నీళ్ళిచ్చేది పెన్నా నది మీది మైలవరం జలాశయం. మన కంబదూరు మండలాన్ని దాటి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా మాత్రమే కనిపించే పెన్నా నదే అది!

బొగ్గు కాకుండా ఎండతో చేస్తే నీరు ఎక్కువ అక్కరలేదు. కానీ నేల కావాలి. మన పొరుగునే, కర్ణాటకలోని పావగడ తాలూకాలో 2019 చివరికి 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు పూర్తయింది. అందుకోసం సుమారు 13,000 ఎకరాలను రైతులు ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు ఇచ్చారు. వానలు లేక బీళ్ళుగా మారిన పొలాలవి. మెగావాటుకు ఆరు ఎకరాలకు పైనే పట్టింది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. లక్ష ఇళ్ళలో లక్ష సెట్ టాప్ బాక్సులు, ఎవరూ చూడని 18 గంటలు, పదేసి వాట్లు. ఏడాదికి 65 లక్షల యూనిట్లు దాటుతుంది. ఎండ కాసే గంటలు మాత్రమే పనిచేసే పలకలతో అంత కరెంటు తీయాలంటే దాదాపు నాలుగు మెగావాట్ల పలకలు పరవాలి. పావగడ కొలతలో 25 ఎకరాల దాకా నేల! ఒకప్పుడు రాగి, వేరుశనగ పండిన నేల, మనం ఆపడం మరిచిపోయిన ఎర్ర దీపాల కోసం!

2012లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎంత బాధపెట్టాయో పెద్దలకు గుర్తుంది. సాయంకాల ప్రార్థన కిరోసిన్ దీపం వెలుగులో జరుపుకున్నాం. అప్పుడు ఒక్క గంట కరెంటు వస్తే దేవునికి స్తోత్రం చెప్పేవాళ్ళం. 2022 ఏప్రిల్‌లో కూడా రాష్ట్రంలో పరిశ్రమలకు కరెంటు సెలవు ప్రకటించవలసి వచ్చింది. లేనప్పుడు వరంలా కనిపించింది, ఉన్నప్పుడు లెక్కలేనిదైపోతుంది. మనిషి స్వభావం అంతే కాబోలు.

గృహనిర్వాహకుడు ఎవరు?

సెమినరీలో చదివే రోజుల్లో మా గురువులు ఒక గ్రీకు మాటను పదేపదే విప్పి చెప్పేవారు. బైబిలులో మనం గృహనిర్వాహకుడు అని చదివే చోట మూలంలో ఉన్నది ఓయికొనోమోస్. ఇల్లు అనే మాటకూ, నడపడం అనే మాటకూ పుట్టిన బిడ్డ అది. ఎకానమీ అన్న మాట కూడా ఆ ఇంటిదే. గృహనిర్వాహకుడు ఆస్తికి యజమాని కాడు. ఉన్నదాన్ని లెక్కగా వాడి, అడిగిన రోజున లెక్క అప్పజెప్పవలసినవాడు. లూకా సువార్తలో యజమాని ఒక గృహనిర్వాహకుణ్ణి పిలిచి అడిగింది అతని లెక్కే కదా!

యేసుప్రభువు ఐదు వేలమందికి ఆహారం పెట్టిన సంగతి మనం ఎంతో ఉత్సాహంగా చెప్పుకుంటాం. ఆ వెంటనే ఆయన చేయించిన పనిని మాత్రం తొందరగా దాటేస్తాం. మిగిలిన ముక్కలు ఏరించాడు, ఏదీ వ్యర్థం కానివ్వలేదు. పన్నెండు గంపలు నిండాయి. రొట్టెలను అద్భుతంగా పెంచగలిగినవాడికి ముక్కలతో పనేమిటి? ఇచ్చేవాడు ధారాళంగా ఇస్తాడు, అయినా పారేయడాన్ని ఒప్పుకోడు. ఈ రెండూ ఆయనలో కలిసే ఉన్నాయి.

ఆదికాండంలో మొదటి తప్పు గురించి దేవుడు అడగగానే మనిషి చేసిన పని ఏమిటో గుర్తుందా? పక్కవారి వైపు వేలు చూపించడం. కరెంటు బిల్లు రాగానే మనం చేస్తున్నదీ అదే. తాత మనవడిని చూపిస్తాడు, అత్త కోడలిని చూపిస్తుంది, పాస్టరు యువతరాన్ని చూపిస్తాడు. పొరుగువాడి కంటిలోని నలుసును చూసేవాడికి తన కంటిలోని దూలం కనబడదని ప్రభువు చెప్పిన ఉపమానాన్ని ఎన్నిసార్లు ప్రసంగించానో! ఆ దూలం మా ఇళ్ళలో కూలర్ రూపంలో ఉందని ఒక పిల్లవాడు వచ్చి చూపిస్తేగాని నాకు తెలియలేదు.

మందిరం మీటరు

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారగానే మందిరానికి వెళ్ళి మీటరు ముందు నిలబడ్డాను. లోపల ఎవరూ లేరు, ఫ్యాన్లు తిరగడం లేదు, లైట్లు వెలగడం లేదు. అయినా మీటరు మీది ఎర్ర దీపం మెరుస్తూనే ఉంది. లోపలికి వెళ్ళి చూస్తే ఆదివారం వాడిన ఆంప్లిఫయర్ ఐదు రోజులుగా ఆన్‌లోనే ఉంది. ఇక మందిరం పైకప్పు మీద రాత్రివేళ వెలగవలసిన సిలువ దీపం పట్టపగలు ఎండలో వెలుగుతోంది. ఎండలో ఆ వెలుగు ఎవరికి కనబడుతుంది? ఆ దీపం కనబడకపోగా, నా అజాగ్రత్త మాత్రం నాకు బాగా కనబడింది. యువతరాన్ని గద్దించిన నా నోటితోనే ఆ రెండు స్విచ్చులు ఆపుతూ ప్రభువును క్షమాపణ అడిగాను.

తర్వాతి ఆదివారం, వాక్యం తెరవక ముందే, సంఘం ఎదుట నా తప్పు ఒప్పుకున్నాను. అబ్బాయిని ముందుకు పిలవలేదు. మళ్ళీ అందరి కళ్ళూ అతని మీద పడటం నాకు ఇష్టం లేదు. "పోయిన ఆదివారం లెక్క చూడకుండా ఒక మాట అన్నాను. అది న్యాయం కాదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను" అని మాత్రమే చెప్పాను. సంఘం నిశ్శబ్దంగా వింది. బయట చెట్టు కింద తాతగారు మనవడి భుజం మీద చేయి వేసి నిలబడటం చూశాను. నేను దగ్గరకు వెళ్ళగానే అబ్బాయి, "పరవాలేదు అయ్యగారూ. మందిరంలో నిమిషానికి ఎన్ని మెరిశాయి?" అని అడిగాడు. నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ ఇంట్లో కొన్ని మారాయి. పెద్ద ఆటలు రోజుకు రెండు గంటలు, అదీ పని ముగిశాకే. రోజుకు నాలుగు గంటలు కూర్చోవడం కళ్ళకూ, చదువుకూ, తాతతో మాట్లాడుకోవడానికీ మంచిది కాదని తల్లి చెబితే అబ్బాయి ఒప్పుకున్నాడు. పాటలు, సినిమాలు నేరుగా టీవీలోనే. ఆట ముగిశాక పెట్టెను పూర్తిగా ఆపి గోడ స్విచ్చు తీసేయడం. ఆపకుండా స్విచ్చు తీస్తే ఆట పాడవుతుందట, అందుకే ఆ క్రమం. సెట్ టాప్ బాక్సు స్విచ్చు పడుకునేటప్పుడు అవ్వ చేతిలో. తెల్లవారుజామున చల్లబడగానే కూలర్ ఆపడం తాతగారి వంతు. ఎవరి వంతు వారికుంది, వేలు చూపించే అవసరం లేదు. తర్వాతి నెల బిల్లు 160 యూనిట్ల దగ్గర ఆగింది.

సెలవులు అయిపోయాయి, వారు బెంగళూరు బస్సెక్కారు. ఆట పెట్టె వెళ్ళిపోయింది. నోటుపుస్తకాన్ని మాత్రం అబ్బాయి తాతకు ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడాయన నెలకోసారి కళ్ళజోడు పెట్టుకుని, గడియారం చేతపట్టుకుని మీటరు ముందు నిలబడుతున్నారు. నెలాఖరుకు ఫోనులో మనవడికి లెక్క అప్పజెబుతున్నారట. ఒకప్పుడు ప్రార్థన చేయమని నా దగ్గరకు తెచ్చిన పిల్లవాడే ఇప్పుడు ఆయనకు లెక్కలు అడుగుతున్నాడు!

ఈ రాత్రి మీ ఇంట్లో అందరూ పడుకున్నాక, అన్నీ ఆపేశామనుకున్నాక, ఒక్క ఐదు నిమిషాలు మీ మీటరు దగ్గర నిలబడండి. ఆ చిన్న దీపం ఇంకా మెరుస్తోందా? అయితే ఎందుకు మెరుస్తోందో వెతకండి. అది ఫ్రిజ్ అయితే మెరవనివ్వండి, అవసరమే. కాకపోతే లేచి వెళ్ళి ఆపండి. మరునాడు ఎవరినైనా నిందించాలని నోటిదాకా మాట వస్తే, ముందు ఆ మెరుపులు ఎన్నో లెక్కపెట్టి అప్పుడు మాట్లాడండి.